అడవి తల్లి ఇచ్చే విడుదల



ఇటలీ పడమటి తీరంలో, రోమ్‌కూ నేపుల్స్‌కూ నడుమ తెర్రచీనా అనే ఊరుంది. రెండు వేల ఏళ్ల కిందట ఆ ఊరి పొలిమేరలో ఒక వనం ఉండేది. వనంలో నీటి ఊట, ఊట దగ్గర గుడి, గుడిలో ఒక రాతి పీట. ఆ పీట బానిసల కోసం. యజమాని విడిచిపెట్టిన బానిస తల గొరిగించుకుని వచ్చి దాని మీద కూర్చునేవాడు. ఉన్ని టోపీ తలకు పెట్టించుకునేవాడు. లేచి నిలబడేసరికి అతను స్వతంత్రుడు. మంచి దాసులు కూర్చోవాలి, స్వతంత్రులై లేవాలి అన్న అర్థం వచ్చేలా ఆ పీట మీద కొన్ని మాటలు చెక్కి ఉండేవని, వర్జిల్ కావ్యానికి వ్యాఖ్యానం రాసిన సెర్వియస్ అనే పండితుడు చెప్పాడు.

ఆ గుడిలో దేవత పేరు ఫెరోనియా. జూపిటర్, వీనస్ వంటి పేర్లు మన పిల్లల పాఠాల్లోకి కూడా వచ్చాయి గానీ ఈమె పేరు అంత దూరం రాలేదు. ఈమె మొదట రోమ్ వాళ్ల దేవత కాదు. రోమ్‌కు ఈశాన్యాన కొండల్లో బతికిన సాబైన్ల దేవత. అడవి ఆమెది, పంట ఆమెది, బానిసకు దొరికే విడుదల కూడా ఆమెదే. రోమ్ నగరం బలిసి చుట్టుపక్కల జాతులను లోబరుచుకున్నాక ఈమెనూ తెచ్చుకుని మార్స్ మైదానంలో గుడి కట్టింది. ఏటా నవంబరు 13న అక్కడ ఆమెకు పండుగ జరిగేది.

ఆమె అసలు పెద్ద గుడి తెర్రచీనాది కాదు. టైబర్ నదికి దగ్గరలో, సొరాక్తె కొండ నీడన, కాపేనా పట్టణపు ఎల్లలో ఇంకొక వనం ఉంది. దాన్ని ఫెరోనియా వనం అనే పిలిచేవారు. ఆ చోటును కాస్త పరీక్షగా చూడాలి. అది సాబైన్లు, లాటిన్లు, ఎట్రుస్కన్లు, ఫాలిస్కన్లు, ఇలా నాలుగు జాతుల నేలలు కలిసే మూల. ఏ రాజు కోటా అక్కడ లేదు. ఏటా జాతర జరిగేది. మొక్కులు తీర్చుకునేవాళ్లు వచ్చేవారు, వాళ్లతోపాటు వ్యాపారులు, చేతిపనివాళ్లు, రైతులు సరుకు వేసుకుని దిగేవారు. ఇటలీలో ఇంత పెద్ద సంత మరొకటి లేదని డయొనీసియస్ అనే గ్రీకు చరిత్రకారుడు రాశాడు. రోమ్ మూడో రాజు కాలంలో ఆ జాతరకు వచ్చిన రోమన్ వ్యాపారులను సాబైన్లు పట్టుకుపోయారట. అదే ఒక యుద్ధానికి కారణమైందని కూడా ఆయనే చెప్పాడు.

చుట్టుపక్కల రైతులు తొలి పంట తెచ్చి ఆమె ముందు పెట్టేవారు. తరాల తరబడి అలా పోగైన బంగారం, వెండి గుడి నిండా ఉండేవి. క్రీస్తుపూర్వం 211లో కార్తేజ్ సేనాని హానిబాల్ రోమ్ గోడల దాకా వచ్చి, వెనక్కి మళ్లుతూ ఆ గుడిని దోచుకుపోయాడు. దండు వెళ్లిపోయాక అక్కడ కంచు ముద్దలు కుప్పలుగా కనబడ్డాయని లివీ రాశాడు. దేవత సొమ్ము ముట్టుకున్నామన్న భయంతో సైనికులే వాటిని పడేసి పోయారట.

స్ట్రాబో అనే భూగోళ శాస్త్రవేత్త ఇంకో సంగతి చెప్పాడు. ఫెరోనియా పూనినవాళ్లు కణకణలాడే నిప్పుల మీద, వేడి బూడిద మీద వట్టికాళ్లతో నడిచిపోయేవారు. వాళ్ల కాళ్లు కాలేవి కావు. ఆ నడక చూడటానికే వేలమంది వచ్చేవారు.

ఈ మాట వినగానే హైదరాబాదు శ్రోతలకు కొమురవెల్లి మల్లన్న జాతర కళ్లముందు నిలుస్తుంది. సంక్రాంతి దాటిన మొదటి ఆదివారాన్ని కొమురవెల్లిలో పట్నంవారం అంటారు. ఆ రోజు జంటనగరాల జనం తరలిపోతారు. మర్నాడు సోమవారం హైదరాబాదు యాదవుల చేతుల మీదుగా రంగుల పొడులతో పెద్దపట్నం వేస్తారు, అగ్నిగుండం పేరుస్తారు. ఒగ్గు పూజారులు ఢమరుకం మోగిస్తుండగా భక్తులు గుండం దాటుతారు. మల్లన్న పురుష దైవం, ఫెరోనియా స్త్రీ దైవం. నిప్పు, పూనకం, సంత, తొలి పంట మాత్రం రెండు చోట్లా ఒకటే. ఆషాఢం రాగానే కాచిగూడ, చాదర్‌ఘాట్ గల్లీల్లో బోనాలు లేస్తాయి. కొత్త కుండకు పసుపు పూసి, వేపమండలు కట్టి, లోపల బెల్లం కలిపిన అన్నమో పెరుగన్నమో పెట్టి, పైన దీపం వెలిగించి ఆడబిడ్డలు తలకెత్తుకుంటారు. కాపేనా రైతు తన దేవతకు తెచ్చింది కూడా తిండిగింజే.

ఫెరోనియా పేరు ఒకప్పుడు మన వెలగచెట్టు దాకా వచ్చింది. కొరేయా ద సెర్రా అనే పోర్చుగీసు వృక్షశాస్త్రవేత్త 1800లో వెలగకు శాస్త్రీయ నామం పెడుతూ ఫెరోనియా అన్నాడు. సామర్లకోటలో తోట పెంచి కోరమండల్ తీరపు మొక్కలను బొమ్మలు గీయించిన రాక్స్‌బర్గ్ పుస్తకంలోనూ వెలగ ఆ పేరుతోనే ఉంది. ఇప్పుడు శాస్త్రజ్ఞులు ఆ పేరు మార్చేశారు. కానీ పాత వృక్షశాస్త్ర గ్రంథాలు తిరగేస్తే, వినాయకచవితి పళ్లెంలో మనం పెట్టే వెలగపండు ఇటలీ వనదేవత పేరుతోనే కనబడుతుంది.

ఇక అసలు ప్రశ్న. విడుదల ఇచ్చే పని అడవి దేవతకు ఎందుకు దక్కింది? రోమ్‌లో న్యాయానికి, రాజ్యానికి, ఇంటికి, పొయ్యికి వేరువేరు దేవతలు ఉన్నారు. బానిస సంకెల తీసే పని వాళ్లలో ఎవరికైనా అప్పగించవచ్చు. అయినా బానిసలు ఊరు దాటి, గోడ దాటి, చెట్ల మధ్య ఉన్న ఊట దగ్గరికి పోయారు. ఊళ్లో ఉన్న ప్రతి దేవతా ఊరి పెద్దల ఇంటి దేవతే. వాళ్ల సొమ్ముతో వెలిగే దీపం వాళ్ల బానిసను ఎలా విడిపిస్తుంది? అడవిలో ఉన్న దేవతకు ఎవరి రుణమూ లేదు. ఆమె నేల ఎవరి పట్టాలోనూ లేదు. అక్కడ కూర్చుని లేచినవాడి మీద పాత యజమాని నీడ పడదు. ఆ వనం దగ్గరికి నడిచిన బానిసకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర లేదు.

తెలుగు నేల మీద దీనికి సాటి వచ్చే చోటు మేడారం. వరంగల్ నుంచి సుమారు 100 కిలోమీటర్లు, ములుగు జిల్లా తాడ్వాయి అడవుల్లో ఉంది. రెండేళ్లకోసారి మాఘ పున్నమి వేళ నాలుగు రోజుల జాతర జరుగుతుంది. ప్రభుత్వ అంచనాల్లోనే జనం కోటి దాటుతారు. అక్కడ గోపురం లేదు, గర్భగుడి లేదు, విగ్రహం లేదు. వెదురు కర్ర, కుంకుమ భరిణె, చెట్ల కింద గద్దెలు. కొలిచేది సమ్మక్కను, ఆమె బిడ్డ సారలమ్మను.

కోయలు చెప్పుకునే కథ ఇది. వేటకు పోయిన కోయ దొరలకు అడవిలో పులుల మధ్య ఆడుకుంటున్న పసిబిడ్డ కనబడింది. గూడేనికి తెచ్చి పెంచుకున్నారు. ఆమే సమ్మక్క. పెరిగి పెద్దదై పగిడిద్ద రాజును పెళ్లాడింది. సారలమ్మ, నాగులమ్మ, జంపన్న పిల్లలు. ఓరుగల్లును కాకతీయ ప్రతాపరుద్రుడు ఏలుతున్న రోజులవి. వరసగా కరువు వచ్చింది. పండని పొలానికి కప్పం ఎక్కడి నుంచి కట్టాలి? కోయలు కట్టలేమన్నారు. రాజు దండును పంపాడు. సంపెంగ వాగు ఒడ్డున పోరు జరిగింది. పగిడిద్ద రాజు పడిపోయాడు, సారలమ్మ, నాగులమ్మ పడిపోయారు, అల్లుడు గోవిందరాజు పడిపోయాడు. ఓటమి చూడలేక జంపన్న వాగులో దూకాడు. ఆ వాగు ఆనాటి నుంచి జంపన్న వాగైంది. సమ్మక్క చివరిదాకా నిలబడి పోరాడింది. వెనక నుంచి వచ్చిన బల్లెం పోటుతో నెత్తురోడుతూ చిలకలగుట్ట వైపు నడిచి అడవిలో కలిసిపోయింది. వెతుక్కుంటూ వెళ్లినవాళ్లకు పుట్ట దగ్గర కుంకుమ భరిణె దొరికింది.

ఈ కథను కాపాడింది కోయల గాయకులైన డోలీలు. బొమ్మలు కుట్టిన గుడ్డ పడిగెలు పరిచి, డోలు వాయిస్తూ వాళ్లు తమ గట్టుల, గోత్రాల చరిత్ర చెబుతారు. రాజుల శాసనాల్లో గెలిచినవాళ్ల మాట ఉంటుంది, పడిగె గుడ్డ మీద కప్పం కట్టనివాళ్ల మాట నిలిచింది. ఏడు వందల ఏళ్లు గడిచాయి. ఓరుగల్లు కోట ఇప్పుడు టికెట్టు కొనుక్కుని చూసే శిథిలం. కప్పం కట్టనన్న తల్లి దగ్గరికి మాత్రం కోటిమంది పోతున్నారు.

జాతర తీరు చూస్తే ఆ తిరుగుబాటు ఇంకా కళ్లకు కడుతుంది. మొదటి రోజు కన్నెపల్లి నుంచి సారలమ్మ, పూనుగొండ్ల నుంచి పగిడిద్ద రాజు, కొండాయి నుంచి గోవిందరాజు గద్దెల మీదికి వస్తారు. రెండో రోజు చిలకలగుట్ట నుంచి సమ్మక్కను తెస్తారు. వడ్డెలు, అంటే కోయ పూజారులు, గుట్ట మీదికి పోయి ఆమెను తీసుకుని దిగేటప్పుడు జిల్లా పోలీసు అధికారి గాలిలోకి తుపాకి పేల్చి వందనం చేస్తాడు. రాజ్యం మీద తిరగబడిన మనిషికి ఇవాళ రాజ్యమే తుపాకి వందనం చేస్తోంది. దారి పొడుగునా ఎదురుకోళ్లు ఎగరేస్తారు. శివసత్తులు ఊగిపోతారు. మూడో రోజు దేవతలందరూ గద్దెల మీద ఉంటారు. నాలుగో రోజు వనప్రవేశం. వచ్చిన దారినే అడవిలోకి వెళ్లిపోతారు. తిరిగి రెండేళ్ల దాకా ఆ గద్దెల మీద దేవత ఉండదు.

వనప్రవేశం గురించి ఇంకొక్క మాట. ఊళ్లో ఉండిపోయే దేవతకు గుడి కట్టవచ్చు, తలుపు వేయవచ్చు, తాళం చెవి ఒకరి మొలకు వేలాడవచ్చు. ఎవరు లోపలికి రావాలో ఎవరు బయట నిలబడాలో నిర్ణయించే మనిషి పుట్టుకొస్తాడు. సమ్మక్క ఉండిపోదు. అందుకే ఆమెకు తలుపు పెట్టడం ఎవరి వల్లా కాలేదు. కులం అడగకుండా, మతం అడగకుండా గద్దెల ముందుకు ఎవరైనా పోతారు. దేవాదాయ శాఖ ఏర్పాట్లు చూస్తుంది, 1996 నుంచి అది రాష్ట్ర పండుగ, అయినా గుట్ట ఎక్కి తల్లిని తెచ్చేది కోయ వడ్డెలే, కన్నెపల్లి నుంచి సారలమ్మను తెచ్చేది కాక ఇంటివాళ్లు. ఆ హక్కు కోయల చేతుల్లోనే ఉంది. మేడారానికి ప్రాణం అదే.

సంతానం కోరే ఆడవాళ్లు సారలమ్మను ఎలా అడుగుతారో కన్నెపల్లిలో చూడాలి. తడి బట్టలతో వాళ్లు దారిలో బోర్లా పడుకుంటారు. సారలమ్మను పట్టుకున్న పూజారి వాళ్ల మీది నుంచి దాటిపోతాడు. దీన్ని వరం పట్టడం అంటారు. పిల్లలు కలిగినవాళ్లు వచ్చే జాతరకు బిడ్డను ఎత్తుకుని తిరిగి వస్తారు. ఒడిబియ్యం పోస్తారు. బెల్లం తూకం వేసి సమర్పిస్తారు, ఆ బెల్లాన్ని బంగారం అంటారు. మనిషి బరువుకు సరితూగే బెల్లం ఇస్తే నిలువెత్తు బంగారం. హైదరాబాదు బస్తీల్లో కూడా జాతర నెలలో తరాజులు బయటికి వస్తాయి. మేడారం పోలేనివాళ్లు ఇంటి దగ్గరే తూగి, పోయేవాళ్ల చేతికి ముద్ద ఇచ్చి పంపుతారు. ఫెరోనియా గుడి బంగారాన్ని హానిబాల్ దోచుకుపోయాడు. సమ్మక్క బంగారాన్ని జాతరకు వచ్చిన ప్రతివాడూ ప్రసాదంగా ఇంటికి తెచ్చుకుని తింటాడు.

నీళ్ల సంగతీ అంతే. హొరేస్ అనే రోమన్ కవి ప్రయాణం చేస్తూ తెర్రచీనా దగ్గర ఆగి ఫెరోనియా ఊటలో ముఖం, చేతులు కడుక్కున్నాడు.  జంపన్న వాగులో మునగకుండా గద్దెల దగ్గరికి పోయే భక్తుడు అరుదు.

2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం అడవుల మీద పెనుగాలి విరుచుకుపడింది. కొద్ది సేపట్లోనే వేలాది చెట్లు వేళ్లతో సహా ఒరిగిపోయాయి. వందల ఎకరాల మేర అడవి నేలమట్టమైంది. ఆ గాలి గూడేల మీదికో ఊళ్ల మీదికో మళ్లి ఉంటే ఏమయ్యేదో ఊహించడానికే భయం వేస్తుంది. తల్లులు దెబ్బను తమ అడవి మీద వేసుకుని మనుషులను కాచారని చుట్టుపక్కల జనం చెప్పుకున్నారు.   తెర్రచీనా వనం గురించి కూడా ఇలాంటి కథ ఉంది. ఒకసారి అది కాలిపోతే, దేవత విగ్రహాన్ని వేరే చోటికి తీసుకుపోదామని ఊరివాళ్లు అనుకున్నారట. అనుకున్నంతలో చెట్లు పచ్చగా చిగిర్చాయట. తాడ్వాయి అడవికి అంత తొందర చిగురు రాదు. అక్కడి నేలను వదిలేస్తే అది తన తీరున లేస్తుంది, కాకపోతే అందులోకి పశువులు, గొడ్డళ్లు, రోడ్లు పోకుండా చూడటం మనుషుల పని. ఏటూరునాగారం అభయారణ్యం ఆ చుట్టుపక్కలే ఉంది. కోటిమంది వచ్చి పోయాక మిగిలే ప్లాస్టిక్కు కూడా ఆ అడవిలోనే ఉండిపోతోంది. దేవత అడవిలో ఉంటుందని నమ్మేవాళ్లు ఆ అడవిలో సంచి పారేయడం ఎంత బాధాకరమో వేరే చెప్పనక్కర లేదు.

ఇంతవరకు విన్నది వెలుగు వైపు. కాచిగూడకు తిరిగి వస్తే ఇంకో వైపు కనబడుతుంది.

కాచిగూడ రైల్వే స్టేషను 1916లో కట్టింది. మీటర్ గేజ్ రోజుల్లో ఇక్కడి నుంచి ఒక దారి ఉత్తరంగా నిజామాబాదు మీదుగా మన్మాడుకు, మరో దారి దక్షిణంగా మహబూబ్‌నగర్, గద్వాల మీదుగా కర్నూలుకు పోయేవి. ఆ రెండు దారులూ పోయే నిజామాబాదు, పాలమూరు పల్లెల్లోనే జోగిని ఆచారం గట్టిగా వేళ్లూనుకుంది. ఎల్లమ్మకో పోచమ్మకో మొక్కుకున్నామని చెప్పి, మాదిగ, మాల ఇళ్లలోని చిన్నపిల్లలకు దేవత పేరిట తాళి కట్టేవారు. ఆ పిల్లకు పెళ్లి ఉండదు. దేవతకు విడిచిన పిల్ల కాబట్టి ఊరందరి సొత్తు. జాతరలో ఆమె ముందు నడవాలి, చావుల్లో ఆడాలి, వయసొచ్చాక పటేలు ఇంటికి పోవాలి. పుట్టిన పిల్లలకు తండ్రి ఎవరని అడిగే హక్కు లేదు. ఇదే ఆచారం కర్ణాటక పొలిమేరలో బసివి, కొన్ని చోట్ల మాతంగి అన్న పేర్లతో సాగింది.

ఎల్లమ్మ కథ తెలిసినవాళ్లకు ఇది మరీ మింగుడుపడదు. బైండ్లవాళ్లు జమిడిక వాయిస్తూ చెప్పే కథలో భర్త జమదగ్ని కోపానికి, కొడుకు పరశురాముడి గొడ్డలికి భయపడి ఎల్లమ్మ పారిపోతుంది. ఆమెకు ఆశ్రయం దొరికింది మాదిగ ఇంట్లో. చేరదీసిన ఆ ఇంటి ఆడపిల్లనే ఆ తల్లి పేరుతో కట్టేశారు. ఇందులో తల్లి తప్పేమీ లేదు. గుడి ఎవరి చేతుల్లో ఉందో, పొలం ఎవరి చేతుల్లో ఉందో వాళ్ల తప్పు. మేడారంలో తల్లి అడవిలో ఉంది, పూజ కోయల చేతుల్లో ఉంది, అందుకే ఆమె పేరుతో ఎవరినీ బానిసను చేయలేకపోయారు. పాలమూరు పల్లెలో తల్లి ఊరి నడుమకు వచ్చింది, పటేలు, దొర ఆమె జాతరకు పెద్దలయ్యారు. అక్కడ మొక్కు సంకెల అయింది.

ఆ సంకెల మీద హైదరాబాదులో తొలిదెబ్బలు కొట్టినవాళ్లలో ముందు చెప్పుకోవలసినవాడు భాగ్యరెడ్డి వర్మ. 1888 మే 22న ఈ నగరంలోనే దళిత కుటుంబంలో పుట్టాడు. 1906లో జగన్మిత్ర మండలి పెట్టాడు. హరికథలతో బస్తీ జనాన్ని కూడగట్టి, ఆ కూర్చున్నవాళ్లకు చదువు గురించి, తాగుడు గురించి, ఆడపిల్లలను జోగినులుగా విడవడం గురించి చెప్పించేవాడు. దేవుడి పేరుతో కట్టిన ముడిని విప్పడానికి దేవుడి కథ చెప్పే హరికథనే వాడుకోవడం ఎంత తెలివైన పనో ఆలోచించండి. పంచములు అన్న పిలుపును తిరస్కరించి, ఈ నేలకు మొదటివాళ్లం మేమే అని ఆది హిందువులమన్నాడు. 1917 నవంబరులో విజయవాడలో ఆయన అధ్యక్షత వహించిన సభ ఆది ఆంధ్ర మహాజన సభగా చరిత్రకెక్కింది.

కాచిగూడ నుంచి కోఠీ వైపు నడిస్తే ఇసామియా బజారు వస్తుంది. 1910లో ఆయన దళిత పిల్లల కోసం మొదటి బడులు పెట్టిన చోట్లలో అది ఒకటి, లింగంపల్లి మరొకటి. తర్వాత అలాంటి బడులు పాతిక దాకా పెరిగాయి. బోధన తెలుగులో సాగేది, నిజాం రాజ్యంలో అప్పటి సర్కారు బడుల్లో అది సామాన్యం కాదు. చాదర్‌ఘాట్‌లో ఆది హిందూ భవనం ఆయన పనికి కేంద్రమైంది. 1939 ఫిబ్రవరి 18న కన్నుమూశాడు. జోగిని ఆచారం ఆయనతో ఆగలేదు. రజాకార్ల రోజులు పోయాయి, హైదరాబాదు రాజ్యం పోయింది, భాషా రాష్ట్రం వచ్చింది, పల్లెల్లో తాళి కట్టడం మాత్రం ఆగలేదు.

1980ల్లో హేమలతా లవణం నిజామాబాదు పల్లెలకు వెళ్లింది. కవి జాషువా కూతురు, నాస్తికోద్యమ నాయకుడు గోరా కోడలు. స్టూవర్టుపురంలో దొంగలన్న ముద్ర పడ్డ కుటుంబాల మధ్య పనిచేసిన అనుభవం ఆమెకు ఉంది. జోగినుల గుడిసెల్లో కూర్చుని వాళ్ల మాట విన్నది, పటేళ్లతో తగవు పడ్డది, అధికారులను పల్లెకు రప్పించింది. సంస్కార్ సంస్థ తరఫున వర్నిలో వాళ్ల పిల్లల కోసం ఆశ్రమ పాఠశాల నడిచింది. పెళ్లి చేసుకుంటామన్న జోగినులకు పెళ్లిళ్లు జరిగాయి. దేవతకు కోపం వస్తుందని ఊరు బెదిరించినా ఆ తాళి తీసేసిన మొదటి స్త్రీలు ఎంత గుండె నిబ్బరం చూపారో తలచుకుంటే చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. 1988లో ఆంధ్రప్రదేశ్ దేవదాసీ సమర్పణ నిషేధ చట్టం వచ్చింది. ఆడపిల్లను ఏ దేవతకైనా అలా విడవడం అప్పటి నుంచి నేరం. విడిచినవాళ్లూ, చేయించినవాళ్లూ, అందులో పాలుపంచుకున్నవాళ్లూ నేరస్థులే.

ఫెరోనియా చరిత్రలో ఈ సందర్భానికి సరిగ్గా సరిపోయే సంఘటన ఒకటుంది. క్రీస్తుపూర్వం 217లో హానిబాల్ దండయాత్రతో రోమ్ వణికిపోతోంది. అపశకునాలు కనబడ్డాయని దేవతలకు కానుకలు పెట్టాలని పెద్దలు తీర్మానించారు. పెద్దింటి గృహిణులు చందా వేసుకుని జూనో రాణికి కానుక ఇచ్చారు. బానిసత్వం నుంచి బయటపడిన స్త్రీలు విడిగా, ఎవరికి తోచినంత వాళ్లు వేసుకుని ఫెరోనియాకు కానుక పెట్టారు. గొప్పింటి గృహిణుల సరసన నిలబడే చోటు వాళ్లకు లేదు. తమను విడిపించిన దేవత తమకు ఉందని మాత్రం వాళ్లు నగరానికంతటికీ చూపించారు. రోమ్‌లో ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. విడుదలైన బానిసకు కొన్ని హక్కులు తక్కువే, ఆ తర్వాత పుట్టిన బిడ్డకు మాత్రం పౌరసత్వంలో ఏ లోటూ ఉండేది కాదు.

జోగినుల పిల్లలకు ఈ రెండో మెట్టు దగ్గరే కష్టం ఎదురైంది. బడిలో చేర్చేటప్పుడు తండ్రి పేరు అడిగారు. కులం కాగితానికి తండ్రి పేరు అడిగారు. పెళ్లి సంబంధానికి వచ్చినవాళ్లు అడిగారు. తల్లికి తాళి తీసేసినా ఆ ఖాళీ గడి పిల్లల వెంట పడింది. అందుకే ఇసామియా బజారులో భాగ్యరెడ్డి వర్మా, వర్నిలో హేమలతా బడి మీదే అంత పట్టుదలగా పనిచేశారు. ఈ పోరాటం చేసిన జోగినుల్లో చాలామంది తర్వాత తమ ఊళ్లలో కాపలాదారులయ్యారు. మాఘమాసంలో, జాతర రోజుల్లో ఏ ఇంట్లో చిన్నపిల్లకు పసుపు పూసి రహస్యంగా గుడికి తీసుకుపోతున్నారో వాళ్లకు ముందు తెలుస్తుంది.

ఈ ప్రసంగం వింటున్నవారిలో పాలమూరు, నారాయణపేట, గద్వాల, నిజామాబాదు వైపు బంధువులు ఉన్నవాళ్లు చాలామంది ఉంటారు. అలాంటి తంతు ఎక్కడైనా జరగబోతోందని చెవిన పడితే దగ్గరి పోలీసు స్టేషనులో చెప్పవచ్చు. పిల్లల సహాయానికి 1098 నంబరు రాత్రీ పగలూ పనిచేస్తుంది. ఆ ఫోనుకు డబ్బు ఖర్చు కాదు.